ఇక లేరు, మో ఇనాయి: జపనీస్‌లో దుఃఖపు కథలు చదవడం ఎలా

జపనీస్ రెండు మూడేళ్ళు నేర్చుకున్నాక అందరికీ ఒక కోరిక పుడుతుంది. పాఠాల కోసం అల్లిన సంభాషణలు ఇక చాలు, ఒక నిజమైన కథ చదవాలి అని. అలా తెరిచిన పుస్తకంలో చాలాసార్లు ఎవరో ఒకరు అప్పటికే పోయి ఉంటారు. నాయనమ్మో, ప్రేమించినవాడో, కడుపున పుట్టిన కొడుకో. మిగిలినవాళ్ళు అన్నం ఎలా తింటున్నారు, నిద్ర ఎలా పోతున్నారు అన్నదే కథ.

అలాంటి కథను నేను మొదటిసారి ఇంగ్లీషు అర్థాలు రాసుకుంటూ చదివాను. ప్రతి మాటకూ అర్థం దొరికింది గానీ మనసుకు ఏమీ తగల్లేదు. మా అమ్మమ్మ చనిపోయిన ఏడాది అదే కథను మళ్ళీ తీసి, ఈసారి వాక్యం వాక్యం లోలోపల తెలుగు చేసుకుంటూ చదివాను. మూడో పేజీలో ఆగిపోయాను. "ఇత్తె షిమత్త" అన్న చోట ఇంగ్లీషు నోట్సులో ఉన్నది వట్టి "వెళ్ళింది". తెలుగులో అది "వెళ్ళిపోయింది". ఆ "పోయింది"లోనే ఉంది అంతా. జపనీస్ కథల్లో దుఃఖం ఎక్కువగా క్రియ తోకలో, ఇంట్లో మిగిలిన వస్తువుల్లో, కర్మకాండల లెక్కలో దాక్కుని ఉంటుంది. ఈ మూడూ మనకు ఇంగ్లీషు కన్నా తెలుగు దారిన దగ్గర. అందుకే ఈ పద్ధతి రాస్తున్నాను.

ముందు కథ ఎంచుకోండి

జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీలో నడిమి మెట్టైన ఎన్3 స్థాయి వచ్చాక మొదలుపెట్టవచ్చు. ఎన్2 ఉంటే హాయిగా సాగుతుంది. అంతకన్నా ముందే తొందరపడితే ప్రతి మాటా వెతుక్కోవడంతోనే సరిపోతుంది, కథ చేతికి రాదు.

మొదటి పుస్తకంగా నేను చెప్పేది యొషిమొతొ బనానా రాసిన "కిచెన్". 1988లో పుస్తకంగా వచ్చింది. వాక్యాలు చిన్నవి, భాష ఇప్పటిది. అమ్మానాన్నలు చిన్నప్పుడే పోయి, తర్వాత తాతయ్య పోయి, చివరికి నాయనమ్మ కూడా పోయి ఒంటరిగా మిగిలిన మికగె అనే అమ్మాయి కథ. ఈ లోకంలో తనకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు వంటగది అని మొదటి వాక్యంలోనే చెబుతుంది. ఎక్కడ పడుకున్నా నిద్ర పట్టక, చివరికి వంటింట్లో ఫ్రిజ్ పక్కన పడుకుంటే నిద్ర పడుతుంది. ఆ కాసిని పేజీల్లో కష్టమైన మాటలు పెద్దగా ఉండవు. ఇంట్లో మనిషి పోయిన మర్నాడు ఫ్రిజ్ చప్పుడు ఎంత గట్టిగా వినిపిస్తుందో తెలిసినవాళ్ళకు వ్యాఖ్యానమూ అక్కర్లేదు.

డబ్బు పెట్టకుండా చదవాలంటే "అఒజొరా బుంకొ" ఉంది. 1997లో మొదలైన ఈ ఉచిత డిజిటల్ గ్రంథాలయాన్ని స్వచ్ఛంద కార్యకర్తలు నడుపుతున్నారు. కాపీరైటు తీరిన రచయితల పుస్తకాలు ఇందులో ఉంటాయి. ఒకే రచన కొన్నిసార్లు పాత వర్ణక్రమంలోనూ కొత్త వర్ణక్రమంలోనూ ఉంటుంది. "షిన్‌జి షిన్‌కన" (కొత్త అక్షరాలు, కొత్త కనా లిపి) అని రాసి ఉన్నదే తెరవండి, పాత కనా జోలికి ఇప్పుడే వెళ్ళకండి. బ్రౌజర్లో యొమితన్ అనే ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంటే షిఫ్ట్ కీ నొక్కి మాట మీద మౌస్ ఉంచగానే ఉచ్చారణ, అర్థం కనిపిస్తాయి.

నత్సుమె సొసెకి "కొకొరొ"తో మొదలుపెట్టాలని చాలామందికి ఉంటుంది. గొప్ప పుస్తకమే, కానీ ఆఖరి భాగమంతా ఒక సుదీర్ఘమైన ఉత్తరం. దాన్ని రెండో ఏడాదికి దాచుకోండి.

కర్మకాండల మాటలు కథకు ముందే నేర్చుకోండి

వీటిని చదువుతూ నేర్చుకుందాంలే అనుకోవద్దు. ఒక పూట కూర్చుని ముందే నేర్చుకుంటే కథలో కాలం ఎలా నడుస్తోందో తెలుస్తుంది. మనకు పదో రోజు, పెద్దకర్మ, మాసికం, సంవత్సరీకం, తద్దినం ఎలాగో వాళ్ళకూ ఒక వరస ఉంది.

మనిషి పోయిన రాత్రో మర్నాటి రాత్రో అందరూ వచ్చి శవం దగ్గర కూర్చునేది త్సుయ. అంత్యక్రియ సోషికి. వచ్చినవాళ్ళు కవరులో పెట్టి ఇచ్చే డబ్బు కోదెన్. ఏడో రోజు షొనానొక. నలభై తొమ్మిదో రోజు షిజూకునిచి, అంటే ఏడేళ్ళ నలభై తొమ్మిది. అప్పటిదాకా పోయినవారి పేరు రాసిన ఇహై అనే ఫలకం రంగు వేయని తెల్లచెక్కది ఉంటుంది, ఆ తర్వాత లక్క పూసినది పెడతారు. కథలో ఎవరైనా కొత్త ఇహై తెచ్చారంటే నలభై తొమ్మిది రోజులు అయినట్టే. రచయిత ఆ సంగతి వేరే చెప్పడు.

ఏడాదికి ఇష్షూకి. ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. దాని తర్వాత వచ్చే సంకైకి పేరులో "మూడు" ఉంది గానీ, అది జరిగేది చనిపోయిన రెండేళ్ళకు. పోయిన రోజునే మొదటిదిగా లెక్కపెడతారు కాబట్టి. నేను దాన్ని మూడేళ్ళు అనుకుని ఒక కథలో పిల్లవాడి వయసు మొత్తం తప్పుగా లెక్క వేసుకున్నాను. ఆ పిల్లవాడికి వాళ్ళ అమ్మ గుర్తుందా లేదా అన్నదే ఆ కథకు ప్రాణం. ఒక్క ఏడాది తేడాతో కథ అర్థమే మారిపోయింది.

ఇంట్లో ఉండే పూజామందిరం లాంటి పెట్టె బుత్సుదన్. అక్కడ వెలిగించే అగరువత్తి సెంకో. పోయినవారి ఫొటో ఇఏ. వారు వదిలి వెళ్ళిన సామాను ఇహిన్. అందులోంచి జ్ఞాపకంగా దగ్గర ఉంచుకునే వస్తువు కతమి. ఈ చివరి రెండింటికీ తేడా గట్టిగా పట్టుకోండి. బీరువా నిండా ఉన్న బట్టలు ఇహిన్. వాటిలోంచి తీసి కూతురు కట్టుకునే ఒక్క చీరలాంటిది కతమి. ఇహిన్ ఏ క్షణాన కతమి అవుతుందో చూపించడానికే కొన్ని కథలు రాసినట్టుంటాయి.

దహనం తర్వాత ఇంటివాళ్ళు చాప్‌స్టిక్స్‌తో ఎముకలు ఏరి కుండలో వేస్తారు. ఇద్దరు కలిసి ఒకే ఎముకను పట్టి ఎత్తుతారు. అస్థిసంచయనం తెలిసిన మనకు ఇది వింతగా అనిపించదు. అయితే ఈ ఒక్క సంగతి తెలియకపోతే భోజనం దృశ్యాలు అర్థం కావు. ఒకరి చాప్‌స్టిక్స్ నుంచి ఇంకొకరి చాప్‌స్టిక్స్‌కు ముక్క అందించడం, పోయినవారికి పెట్టే అన్నంలోలా అన్నంలో వాటిని నిలువుగా గుచ్చడం అక్కడ అశుభం. పసివాడు తెలియక అలా చేస్తే పెద్దలు ఉలిక్కిపడతారు, రచయిత ఎందుకో చెప్పకుండా ముందుకు పోతాడు.

అలాంటిదే ఇంకొకటి మొచూ హగకి. ఇంట్లో మనిషి పోయిన ఏడాది, కొత్త సంవత్సరం శుభాకాంక్షలు పంపలేమని ఏడాది చివర్లో బంధుమిత్రులకు వేసే కార్డు. కథలో చలికాలం మొదట్లో ఒక కార్డు వచ్చి, చదివినవాళ్ళు కాసేపు మాట్లాడకపోతే, చావు కబురు అందినట్టే.

సమాధుల దగ్గర నిలబెట్టే పొడుగాటి చెక్కపలక సొతొబా. ఆ మాట మన "స్తూపం" నుంచి చైనా మీదుగా అక్కడికి చేరింది. అమరావతి చూసినవాళ్ళకు ఈ మాట మరిచిపోవడం కష్టం.

మొదటి చదువు: నిఘంటువు లేకుండా, పెన్సిల్‌తో

రోజుకు ఒక పేజీ చాలు. జేబుపుస్తకం సైజులో ఉండే బుంకొ పేజీలో సుమారు 600 అక్షరాలు ఉంటాయి. మొదటి విడత అర్థాలు వెతక్కండి. మార్జిన్‌లో మూడే మూడు రాయండి. ఎవరు లేరు, ఎవరు మిగిలారు, పోయి ఎంతకాలమైంది. దొరక్కపోతే ప్రశ్న గుర్తు పెట్టి వదిలేయండి. రెండో విడత నిఘంటువు తెరవండి, కానీ పేజీకి ఐదు మాటలు మించకుండా. ఏ ఐదు అన్నది మీరే తేల్చుకోవాలి, అదే అసలు కసరత్తు. మూడో విడత పైకి చదవండి.

క్రియ తోక దగ్గర ఆగండి

ఈ మెట్టు మీద మిగతా వాటికన్నా ఎక్కువ సమయం పెట్టండి.

"తె షిమౌ" అన్న తోకను పుస్తకాలు "పూర్తి కావడం, విచారం" అని నేర్పుతాయి. ఆ వివరణ పక్కన పెట్టండి. పగిలిపోయింది, మర్చిపోయాను, వెళ్ళిపోయింది, తినేశాను అని మనం రోజుకు వందసార్లు అనే మాటల్లో ఉన్నది అదే. కావాలని చేయనిది, వెనక్కి తీసుకోలేనిది. "షిందె షిమత్త" కనిపించగానే "చనిపోయాడు"లోని "పోయాడు"ను చెవిపెట్టి వినండి.

"తె కురెరు" మన "పెట్టు"కు దగ్గర. "త్సుకుత్తె కురెత" అంటే "చేసిపెట్టింది". వట్టి "చేసింది" అంటే వంట అయినట్టు, అంతే. "చేసిపెట్టింది" అంటే నా కోసం చేసింది, నేను తిన్నాను, ఆ రుణం నాకు ఉంది. దుఃఖపు కథల్లో పోయినవాళ్ళ గురించి చెప్పే వాక్యాల్లో ఈ కురెత మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఒక పేజీలో అన్నిచోట్లా దాని కింద గీత గీసి చూడండి. ఆ మనిషి ఏమేం చేసిపెట్టిందో ఒక జాబితా తయారవుతుంది.

"తె ఒకు" కూడా ఒక రకమైన "పెట్టు"నే, ముందే చేసి ఉంచడం. దానికి "బ యొకత్త" చేరితే "ఇత్తె ఒకెబ యొకత్త". అంటే "అప్పుడే చెప్పిపెట్టి ఉంటే బాగుండేది". తెలుగులో ఈ వాక్యం ఎన్నిళ్ళలో, ఏ పరిస్థితుల్లో విన్నామో మనకు తెలుసు.

"మమ" అనే చిన్న మాట ఇంకొకటి. "త్సుకెత మమ" అంటే వేసింది వేసినట్టే. లైటు వేసింది వేసినట్టే ఉంది, కళ్ళజోడు పెట్టింది పెట్టినట్టే ఉంది, దుప్పటి మడిచింది మడిచినట్టే ఉంది. మనిషి లేడు. మన భాషలో మాటను రెండుసార్లు పలికి సాధించేది వాళ్ళు "మమ"తో సాధిస్తారు.

ఇక "మో ఇనాయి". పదం పదం తీస్తే "ఇక లేదు, లేరు" అంతే. జపనీస్‌లో మనుషులకూ జంతువులకూ "ఇరు", వస్తువులకు "అరు". "ఇనాయి" అనడంలో, పోయినవాళ్ళు లేకపోయినా ఇంకా మనుషులే. మనం వార్తల్లో, ఫోన్లో, గుమ్మం దగ్గర చెప్పే "ఆయన ఇక లేరు"కు ఇంత సరిగ్గా అతికే వాక్యం వేరే భాషలో నాకు దొరకలేదు.

చావును చెప్పే మాటల్లోనూ ఇదే దారి. "షిను" చచ్చిపోవడం, మొరటుగా వినిపించే మాట. "నకునరు" చనిపోవడం, మర్యాద మాట. "ఇకి ఓ హికితొరు" ఊపిరి విడవడం. మనకూ పోయారు, కన్నుమూశారు, కాలం చేశారు అని ఉన్నాయి కదా. కథ చెప్పే పాత్ర అంతదాకా "నకునరు" వాడి, ఒక్కచోట హఠాత్తుగా "షిందా" అంటే అక్కడ ఆగండి. ఇన్నాళ్ళూ కప్పి చెప్పిన సంగతిని ఆ పాత్ర మొదటిసారి కప్పకుండా చెప్పింది.

ఏడ్చింది ఎవరు?

తెలుగు సాయం చేయని చోటు ఇది, ముందే చెప్పాలి. మనమూ "నేను", "ఆమె" వదిలేస్తాం గానీ, ఏడ్చాను, ఏడ్చింది, ఏడ్చారు అని క్రియే చెప్పేస్తుంది. జపనీస్‌లో "నైత" అంటే ఎవరైనా కావచ్చు. నేను రెండు పేజీలు తల్లి ఏడుస్తోందనుకుని చదివాక, ఏడుస్తున్నది కూతురని తెలిసిన రోజులున్నాయి.

ఆనవాలు ఒకటి ఉంది. "కనషీ" అంటే "నాకు దుఃఖంగా ఉంది". మామూలు మాటల్లో ఎదుటివాళ్ళ గురించి నేరుగా అలా అనరు. "కనషిసో" అంటే దుఃఖంగా ఉన్నట్టున్నారు అనో, "కనషిగత్తె ఇరు" అంటే బాధపడుతున్నారు అనో అంటారు. వేరొకరి మనసు మనకు కనిపించదు కాబట్టి. నవలలో రచయిత మూడో మనిషి గురించి నేరుగా "కనషికత్త" అన్నాడంటే, ఆ మనిషి లోపలికి వెళ్ళి కూర్చున్నాడని అర్థం. కురెరు వస్తే మేలు పొందినది సాధారణంగా "నేను" లేదా నా వైపువాళ్ళు. బయటివాళ్ళతో మా అమ్మ అనడానికి "హహ", పిలవడానికి "ఒకాసన్". అంతదాకా "హహ" అంటున్న పెద్దమనిషి నోట "ఒకాసన్" వచ్చిందా, అతను ఇప్పుడు బయటివాళ్ళతో మాట్లాడటం లేదు.

ఒక దృశ్యం దగ్గర నుంచి

అకుతగవా ర్యూనొసుకె 1916లో రాసిన "హంకెచి" అనే కథ తీసుకోండి. పేరుకు అర్థం చేతిరుమాలు. ఒక ప్రొఫెసర్ ఇంటికి ఆయన విద్యార్థి తల్లి వస్తుంది. కొడుకు పోయాడని చెప్పడానికి. నిన్ననే షొనానొక అయిందంటుంది. పైన నేర్చుకున్న మాట ఇక్కడ పనికొచ్చింది, అంటే వారం కిందటి దాకా ఆమె కొడుకు ఉన్నాడు. ఆమె కళ్ళలో నీళ్ళు లేవు, గొంతు మామూలుగా ఉంది, పెదవి చివర చిరునవ్వు కూడా ఉంది. ప్రొఫెసర్‌కు ఆశ్చర్యం. మాటల్లో ఆయన చేతిలోని విసనకర్ర నేల మీద పడుతుంది. తీయడానికి వంగుతాడు. బల్ల కింద ఆమె ఒడిలో చేతులు కనిపిస్తాయి. రుమాలును చిరిగిపోయేంత గట్టిగా పట్టుకుని ఆ చేతులు వణికిపోతున్నాయి. అప్పుడు ఈ వాక్యం వస్తుంది:

"ఫుజిన్ వ, కావొ దె కొసొ వరత్తె ఇత గ, జిత్సు వ సక్కి కరా, జెన్షిన్ దె నైతె ఇత నొ దె అరు."

నిదానంగా విడదీద్దాం. "ఫుజిన్" ఆ ఇల్లాలు. "కావొ దె కొసొ" ముఖంతో మట్టుకే. "కొసొ" అన్నది మన "మట్టుకు" చేసే పని చేస్తోంది, తర్వాత ఒక "గానీ" వస్తుందని ముందే చెబుతోంది. "వరత్తె ఇత గ" నవ్వుతోంది గానీ. "సక్కి కరా" ఇందాకటి నుంచీ. "జెన్షిన్ దె" ఒళ్ళంతటితో. "నైతె ఇత" ఏడుస్తూ ఉంది.

ముఖం మట్టుకు నవ్వుతోంది గానీ, నిజానికి ఇందాకటి నుంచీ ఆమె ఒళ్ళంతా ఏడుస్తూనే ఉంది.

ఇందులో బరువంతా "సక్కి కరా" మీద ఉంది. మొదట్లోనే నేర్చుకునే తేలిక మాట, ఎవరూ దాన్ని వెతకరు. కానీ ఆ "ఇందాకటి నుంచీ"తో పాఠకుడు వెనక్కి వెళ్ళి, ఆమె మామూలుగా మాట్లాడిన ప్రతి మాటనూ మళ్ళీ వినాల్సి వస్తుంది. "నైత" అని ఉంటే అప్పుడే ఏడుపు మొదలైనట్టు. "నైతె ఇత" కాబట్టి ఏడుపు ముందే ఉంది, మనం ఇప్పుడు చూశాం. కథ ఇక్కడితో ఆగదు. చివర్లో ప్రొఫెసర్‌కు ఈ దృశ్యం మీదే ఒక అనుమానం కలుగుతుంది, అది మీరే చదవండి.

ధ్వని మాటలను, యాసను దాటేయకండి

బొటబొటా, వెక్కివెక్కి, భోరున, వలవలా అని ఏడ్చే భాష మనది కాబట్టి ఇక్కడ మనకు తేలిక. "పొరొపొరొ" చుక్కలు చుక్కలుగా రాలే కన్నీళ్ళు, "బొరొబొరొ" అవే ఇంకా పెద్దవి, బరువైనవి. ప బ అయితే బరువు పెరుగుతుంది. "షికుషికు" సన్నగా వెక్కడం. "గరన్" బోసిపోయిన గది. "పొక్కరి" అన్నదానికి మనం వాడేది "వెలితి".

యాస సంగతి ఇంకా సూటిది. మియజవా కెంజి చెల్లెలు తొషి 1922 నవంబర్ 27న పోయింది. ఆ ఉదయాన్ని ఆయన ఒక కవితలో రాశాడు. కథ కాదు గానీ ఈ పాఠానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. కవిత అంతా ప్రామాణిక భాషలో సాగుతుంటే, మధ్యమధ్య చెల్లెలి గొంతు వాళ్ళ సొంత ప్రాంతం ఇవతె యాసలో "అమెయుజు తొతెచితె కెంజ" అని వినిపిస్తుంది. బయట కురుస్తున్న వానమంచు కాస్త తెచ్చిపెట్టవూ అని అడుగుతోంది. చివరి "కెంజ"ను అన్నగారి పేరు అనుకోకండి, అది బతిమాలే తోక. మామూలు నిఘంటువులో ఇలాంటి మాటలు దొరకవు. అలాంటప్పుడు ఆ వాక్యాన్ని మీ ఇంటి యాసలోకి తెచ్చుకోండి. "తెచ్చిపెట్టవా", "తెచ్చియ్యరాదె", "తెచ్చిపెట్టకూడదూ", ఏది మీ ఇంట్లో వినిపిస్తే అది.

నోట్సు, తర్వాతి పుస్తకం

భావాల పేర్లు విడిగా బట్టీ పట్టవద్దు. గుండె పట్టేసే బాధను చెప్పే "సెత్సునాయి"కి ఎదురుగా ఒక మాట రాస్తే అది తప్పుతుంది. వాక్యం మొత్తం రాసి, ఎవరు ఎవరి గురించి అన్నారో కింద రాసి, దాని కింద మీ ఇంట్లో ఎవరైనా అదే మాట ఎలా అంటారో రాయండి. మాటలు గుర్తుంచుకోవడానికి కార్డులు చూపించే అంకి యాప్‌లో కార్డు చేసినా అంతే. నా కార్డుల్లో "సబిషికు నరిమసు నె" వెనక "ఇక ఇల్లు బోసిపోతుంది కదమ్మా" అని ఉంది. అమ్మమ్మ పోయిన రోజు ఎదురింటి పిన్నిగారు మా అమ్మతో అన్న మాట అది.

ఇంట్లో ఈమధ్యే ఎవరైనా పోయి ఉంటే, రాత్రిపూట చదవకండి. పగలు, మధ్యలో లేచి వెళ్ళడానికి వీలున్న చోట చదవండి. ఆ రోజు పేజీ పూర్తి కాకపోతే పెన్సిల్‌తో తేదీ వేసి మూసేయండి. నా "కిచెన్" ప్రతిలో ఫ్రిజ్ వాక్యం పక్కన అలాంటి తేదీలు నాలుగు ఉన్నాయి.

"కిచెన్" అయ్యాక అదే పుస్తకంలో "మూన్‌లైట్ షాడో" ఉంది, రచయిత్రి నిహోన్ విశ్వవిద్యాలయంలో పట్టా కోసం సమర్పించిన కథ. ఆ తర్వాత మియజవా "గింగ తెత్సుదో నొ యొరు" అఒజొరాలో దొరుకుతుంది. పిల్లల కథలా మొదలవుతుంది, కాబట్టి మొదటి అధ్యాయం ధైర్యంగా నిఘంటువు లేకుండా చదవండి. ఆ పైన "కొకొరొ".